టేపు బీరువాకు పదిహేను రోజులు

1వ రోజు

ఈరోజు షెడ్డుకు బీరువా అంత యంత్రం ఒకటి వచ్చింది. అద్దం తలుపు వెనక రెండు చక్రాలున్నాయి. పూర్వం కంప్యూటర్లు తమకు గుర్తుండాల్సినవి టేపు మీద రాసుకునేవట, ఆ టేపును తిప్పి చదివే సాధనం ఇది. పాత లెక్కల ఆఫీసు గోడ కూలితే వెనక గదిలో దొరికింది. ఇది ఐదో వాక్యం, నియమం ప్రకారం ఇక్కడ ఆపేయవచ్చు.

పని సాగిన రోజుకు ఐదు వాక్యాలకు తగ్గకుండా ఈ పుస్తకంలో రాయాలని కొండమెట్ట మరమ్మతు షెడ్డుకు కొత్త నియమం. నలభై ఏళ్లుగా ఒక్కో యంత్రానికి ఒక్కో మాట రాసి బతికినవాణ్ణి. ‘బాగు’ అని రాసేవాణ్ణి, లేదా ‘విప్పు’ అని. ఇప్పుడు వాటికి ముందు కథ కూడా కావాలట. పై ఆఫీసులో చదువుకోడానికి ఏమీ లేనట్టుంది.

పదిహేను రోజుల్లో రెండు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ‘బాగు’ అంటే యంత్రం వారసత్వ ఆస్తి. తర్వాత దాని మేకు ఊడదీసినా నేరం. ‘విప్పు’ అంటే ముక్కలు. మూడో గడి లేదు.

దీని తలుపుకు పాత చీటీలు మూడున్నాయి. ముగ్గురు మెకానిక్కులు, మూడు చేతిరాతలు, ఒకటే మాట: బోర్డు కాలిపోయింది. యంత్రం నిండా దసరా పూజల పసుపు, కుంకుమ. పని మొదలుపెట్టే ముందు అలవాటు ప్రకారం నేనూ ఒక బొట్టు పెట్టాను. కొత్త చోటు వెతకడానికి బద్ధకించి పాత బొట్ల మీదే పెట్టాను.

2వ రోజు

నాంచారమ్మ గారు వచ్చారు. లంకపేట ఆవిడ, నాకంటే నాలుగేళ్లు పెద్ద. చంకలో గుండ్రటి డబ్బా ఉంది. నేను తల వంచుకుని స్క్రూలు ఏరుకున్నాను. ఆడవాళ్లతో మాట్లాడడం నాకు ముందునుంచీ రాదు. మగవాళ్లతోనూ అంతే.

“తమ్ముడూ, టేపు సదివే మిషనొచ్చిందంట?”

“ఆయ్.”

“పనిచేత్తాదా?”

“చూడాలండి.”

“ఎవరు సూడాలి? సూసేవోడివి నువ్వే గదా?”

ఆ మాటా నిజమే.

వాళ్ల లంక ముప్పై ఏళ్ల కిందట మునిగిపోయింది. గోదావరి ముందు తీసుకుందా, సముద్రం ముందు తీసుకుందా అన్నది ఆ రెండింటికీ ఇంకా తేలలేదు. మిగిలినవాళ్లు ఈ కొండెక్కి లంకపేట అని నలభై ఇళ్లు వేసుకున్నారు. అందరి పుట్టుపూర్వోత్తరాలూ కొండ మీద చల్లటి గదిలో జ్ఞప్తి యంత్రం దగ్గర ఉంటాయి. ఇరవై ఏళ్లు ఎవరూ అడగని సంగతిని అది మరచిపోతుంది. జబ్బు కాదు, చట్టం. లేని ఊరి గురించి ఎవరడుగుతారు? లంకను మరచిపోయింది. లంకలో పుట్టినవాళ్లు పుట్టకుండా పోయారు.

పదేళ్లుగా వీళ్లు తాత్కాలిక కార్డుల మీద నీళ్లు పట్టుకుంటున్నారు. నేటికి పదిహేనో రోజున ఆ కార్డులు రద్దవుతాయి. తర్వాత జ్ఞప్తిలో ఉన్నవాళ్లనే కుళాయి పేరు పెట్టి పిలిచి నీళ్లిస్తుంది.

నాంచారమ్మ గారి భర్త ఆ లంక మండలాఫీసులో అటెండరు. వరదలో అధికారులు కుర్చీలు కాపాడారు. ఆయన ఈ డబ్బా తెచ్చాడు. ‘ఓటర్ల జాబితా’ అని పైన రాసి ఉంది. పైన ఏం రాసి ఉన్నా లోపలిది సినిమా రీలులా ఉందని ఇంట్లో బియ్యం డ్రమ్ము మీద మూతగా వాడారట. ఒక ఊరి జనమంతా ముప్పై ఏళ్లు బియ్యం మీద మూతగా ఉన్నారు. ఒక్క ఎలక కూడా దూరలేదట. అంత మంచి పరిపాలన ఆ లంకకు అంతకుముందు దొరికి ఉండదు.

“నలభై ఇళ్ల గొంతులు తడవాలంటే ఇదొక్కటే ఆధారం తమ్ముడూ,” అని డబ్బా నా ఒళ్లో పెట్టారు.

ఆవిడకు నేను మాటివ్వలేదు. తిరిగి ఇవ్వనూ లేదు.

3వ రోజు

ఊరి పంపు మోటారు కాలిపోయింది. పంపు చూసే అప్పన్న పొద్దున్నే షెడ్డులోకి వచ్చి బీరువా వెనక తలుపు తీసి చూశాడు, వరసకు అల్లుడు కాబట్టి అడగనక్కర్లేదనుకుంటాడు.

“మావా, ఇదిగో మోటారు! గాలి పీల్చేదా ఇది?”

“ఆయ్. టేపు తెగకుండా గాలిలో వదులుగా పట్టుకోవాలి.”

“టేపుని గాల్లో పట్టుకోడానికి ఇంత మోటారా! మా పంపుకి అతికినట్టు సరిపోద్ది. ఇప్పేయ్.”

“పదిహేను రోజులు గడువుంది.”

“గడువు నీకుంది మావా. ట్యాంకుకి లేదు.”

ఊళ్లో మోటార్లు ఇంకా ఉన్నాయి. అన్నీ జ్ఞప్తి యంత్రాన్ని చల్లబరిచే పనిలో ఉన్నాయి. ఒకటి ఇవ్వమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దరఖాస్తు మీద నిర్ణయం తీసుకోవాల్సింది జ్ఞప్తి యంత్రమే.

సాయంత్రం నుంచి ఊరంతా కింద ఊటబావికి దిగి కడవలు మోస్తోంది. మూడొందల అరవై మెట్లు. బావి దగ్గరా కార్డు చూస్తున్నారు.

4వ రోజు

విడిభాగాల అధికారి అన్వేష్ గారు వచ్చారు. వయసు ముప్పై అయిదు. మాట మర్యాద. ఒక చేతిలో నియమాల పుస్తకం, రెండో చేతిలో ఖాళీ నీళ్ల సీసా. నాంచారమ్మ గారు, అప్పన్న ఆయనకు చెరోవైపు నిలబడ్డారు. నేను బీరువా వెనక్కి వెళ్లాను.

“చాలా సులభం తాతబ్బాయి గారూ,” అన్నారాయన. “పనిచేసే యంత్రం చదివిన టేపే రుజువు. ‘బాగు’ అని టిక్కు పడితే టేపులో పేర్లు జ్ఞప్తిలోకి ఎక్కుతాయి. అప్పుడు మోటారు ముట్టుకోకూడదు. ‘విప్పు’ అని పడితే మోటారు తీసుకోవచ్చు. అప్పుడు టేపు చెల్లదు.”

“అంటే కార్డొత్తే నీళ్లుండవు, నీళ్లొత్తే కార్డుండదు,” అన్నారు నాంచారమ్మ గారు.

“అలా అనకండమ్మా. నియమం అలా అనదు.”

“మరెలా అంటాది?”

ఆయన పుస్తకం తిప్పి చూశారు. అలాగే అంటుంది.

“ఎక్కిన పేర్లు రేపు మళ్లీ పీకేత్తారా?”

“కుదరదమ్మా. ఒకసారి ఎక్కిన పేరును ఇరవై ఏళ్లదాకా ఎవరూ తీయలేరు. అదీ చట్టమే.” ఈ చట్టం గురించి మంచిమాట చెప్పే అవకాశం దొరికినందుకు ఆయన మొహం వెలిగింది.

6వ రోజు

డబ్బా తెరిచాను. టేపు జిగురు కారుతోంది. పాత టేపులకు ఇది వృద్ధాప్యం. ఇలాగే తిప్పితే జిగురుతో పాటు పేర్లూ ఊడివస్తాయి. సన్నటి వేడి మీద ఆరబెట్టాలి. వేడి కొలిచే మీటరు షెడ్డులో ఉంది, మూడేళ్లుగా ముప్పై రెండే చూపిస్తోంది. దానికి స్థిరత్వం ఎక్కువ.

చిన్నతనంలో మెట్ట ప్రాంతంలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పనిచేశాను. ఆకు పసుపు తిరిగే వేడి ఒకటి, ఈనె ఎండే వేడి ఒకటి. దీనికి కావలసింది ఆ రెండింటికీ మధ్యది. రేకు పెట్టెలో టేపు పెట్టి, కింద రంపపు పొట్టు కుంపటి వేసి, గంటకోసారి పెట్టెకు చెంప ఆనించి చూశాను.

నాంచారమ్మ గారు పక్కనే చతికిలబడ్డారు.

“పసిబిడ్డకి జొరం సూసినట్టు సూత్తన్నావేంటి తమ్ముడూ?”

నేను నవ్వాననుకుంటాను. ఆవిడ కనిపెట్టలేదు.

8వ రోజు

టేపు ఆరింది. ఎక్కించాను. మోటారు గాలి పీల్చింది. చక్రాలు తిరిగాయి. ఇంత వయసులో అంత మెత్తగా తిరిగేవి ఈ కొండ మీద ఇంకేమీ లేవు.

కానీ ఆగలేదు. టేపు మొదట్లో వెండి రంగు ముక్క ఒకటి అంటించి ఉంటుంది. అది కనిపించగానే, ఇదే మొదలు అని యంత్రం ఆగి చదవడం ప్రారంభించాలి. ఇది చివరిదాకా లాగేసింది. వెనక్కి చుట్టి మళ్లీ పెట్టాను. మళ్లీ లాగేసింది. మూడోసారికి కింద గోధుమరంగు పొడి రాలింది. అది ఎవరి పేరో.

చూడడానికొచ్చిన అప్పన్న తలుపు మీది చీటీలు చదివాడు. “బోర్డు కాలిపోయిందని ముగ్గురు రాశారు మావా. నాలుగోవోడివి నువ్వూ రాసెయ్. మా ఆవిడకి ఆరో నెల. మెట్లు దిగొద్దంటే వినట్లేదు.”

అతని భుజం మీద కావడి రాపిడికి తోలు లేచి ఉంది. కలం తీశాను. ‘విప్పు’ గడి మీద పెట్టాను. సిరా రాలేదు. కలాన్ని బాగు చేయాలో విప్పాలో చెప్పే నియమం లేదు కాబట్టి ఆ పని రేపటికి వాయిదా వేశాను.

9వ రోజు

బోర్డు విప్పి దీపం ముందు పెట్టి చూశాను. ఎక్కడా కాలలేదు. ముగ్గురూ దాన్ని చూడకుండానే రాశారు. ఇక తుడవడం తప్ప చేయగలిగింది లేదు. గుడ్డ తీసుకుని చక్రాలు, టేపు నడిచే దారులు, గాలి గొట్టాలు అన్నీ స్పిరిట్‌తో తుడిచాను. నాంచారమ్మ గారు ఇంకో గుడ్డ పట్టుకున్నారు.

“ఇక్కడ వదిలేశావేంటి?”

“అది బొట్టండి.”

“కనపడతంది. తుడవ్వా?”

“పూజ చేసిన బొట్టు ఎలా తుడుస్తామండి?”

“మా ఆయన పోయిన పదోరోజున నా బొట్టు తుడవడానికి ఎవరి సెయ్యీ వణకలేదు తమ్ముడూ. ఇనప బీరువాకి వణుకుతుందా నీకు?”

గుడ్డ తడిపి గట్టిగా రుద్దారు. నేను అటు తిరిగి నిలబడ్డాను. కుంకుమ, చందనం, పసుపు, మళ్లీ కుంకుమ. అట్టకట్టి వేలి మందాన ఉంది. గోటితో గీకారు. పెచ్చు ఊడింది.

“ఇక్కడేదో అద్దం బిళ్ల ఉంది.”

ఇటు తిరిగి చూశాను. గుమ్మడి గింజంత అద్దం. వెండి ముక్కను చూడాల్సిన కన్ను అదే.

లెక్కల ఆఫీసువాళ్లు ప్రతి దసరాకూ భక్తిగా యంత్రం కంటి మీద బొట్టు పెట్టారు. కళ్లు మూసుకుపోయిన యంత్రం ఆగాల్సిన చోట ఆగలేదు. ముగ్గురు మెకానిక్కులు వచ్చి, బొట్టు చుట్టూ శుభ్రం చేసి, దండం పెట్టి, బోర్డు కాలిందని రాసి వెళ్లారు. అన్నిటికంటే పై పొర నాది. ఇంకా రంగు కూడా వెలవలేదు.

ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. పై ఆఫీసులో చివరిదాకా చదవరులే అని ధైర్యం.

10వ రోజు

టేపు మొదట్లో ఆగింది. చదివింది.

యంత్రానికి తగిలించిన షెడ్డు తెర మీదికి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చాయి. నేను చదువుకున్నది మా ఊరి బడిలో అయిదో తరగతి వరకే. కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది. రెండొందల పన్నెండు పేర్లు. జీవితంలో నేను ఒక్కరోజున అన్ని మాటలు మాట్లాడలేదు.

“కడలి ముసలయ్య.”

“మా అరటి గెలలు కోసుకుపోయినోడు! ఆడు కూడా ఉన్నాడా మిషన్లో?”

“పితాని సూరాయమ్మ.”

“మహాతల్లి. పులుసెడితే వీధి సివర దాకా వాసన. తర్వాత?”

“వాసంశెట్టి గంగరాజు.”

“ఈడితో నాకు మాటల్లేవు. పోయినేడు పోయాడు. అయినా సదువు, ఆడి మనవలు నీళ్లు తాగాలి గదా.”

అలా ఇల్లిల్లూ వచ్చింది. ఒక్క తాత పేరు దొరికితే చాలు, కొడుకులూ మనవలూ దానికే వేలాడతారు.

“సాకా వెంకటరత్నం.”

ఆవిడ గుడ్డతో బీరువా అంచు తుడిచారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

“భార్య, సాకా నాంచారమ్మ.”

“ఇంకోసారి సదువు.”

చదివాను. ఈసారి కూడబలుక్కోలేదు.

12వ రోజు

పేర్లు చదివితే చాలదు, టిక్కు పడాలి. రెండు రోజులుగా కాగితం ముందు కూర్చున్నాను. కలం ఇప్పుడు బాగానే రాస్తోంది, అదే ఇబ్బంది.

‘బాగు’ అంటే నలభై ఇళ్లకు కార్డు. ‘విప్పు’ అంటే ఏడొందల ఇళ్లకు పంపు. ఏడొందలు పెద్దదని అయిదో తరగతి లెక్క కూడా చెబుతుంది. కానీ ఆ ఏడొందల ఇళ్లవాళ్లు మెట్లు దిగి తెచ్చుకోగలరు. కార్డు లేనివాడు బావి దగ్గరికి దిగినా ఖాళీ కడవతో ఎక్కాలి.

‘బాగు’ గడిలో టిక్కు పెట్టాను. కలం వెంటనే ఎత్తకపోవడం వల్ల టిక్కు పక్క గడిలోకి కొంచెం వెళ్లింది. అన్వేష్ గారు దాన్ని గుండ్రంగా చుట్టి సంతకం పెట్టి, వెనక తలుపుకు సీలు వేశారు. రెండొందల పన్నెండు పేర్లూ జ్ఞప్తిలోకి ఎక్కాయి.

అప్పన్న సీలు కేసి చూశాడు, నా కేసి చూడలేదు. “మంచిది తాతబ్బాయి గారూ,” అన్నాడు. మావా అనలేదు.

13వ రోజు

పొద్దున మెట్ల దగ్గర నాకు ఎవరూ దారివ్వలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. తిడితే బాగుండేది.

మధ్యాహ్నం అప్పన్న భార్య నూట నలభయ్యో మెట్టు మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. లంకపేట ఆడవాళ్లే ఎత్తుకొచ్చారు. ఆ తర్వాత నాంచారమ్మ గారు నేరుగా షెడ్డుకు వచ్చారు.

“పేర్లొచ్చాయి. ఊరంతా మమ్మల్ని సూసి మొకం తిప్పేసుకుంటంది. ఈ మిషను పాతినుము కింద కాటా ఏత్తే ఆ పిల్లకి మోటారొచ్చుద్దా?”

“వారసత్వమండి. ముట్టుకోకూడదు.”

“మా పేర్లు ఇరవై ఏళ్లు తియ్యకూడదన్నాడు గదా ఆ అబ్బాయి?”

“ఆయ్.”

“మనిషి పోయినా పేరు పోదన్నమాట. మరి ఈ మిషను పోతే?”

షెడ్డులో ఉన్న నియమాల పుస్తకం తీశాను. మొదటినుంచీ చివరిదాకా ఇద్దరం చూశాం. నిజానికి నేను చూశాను, ఆవిడ నన్ను చూశారు. యంత్రాన్ని విప్పితే నేరం అని ఉంది. అమ్మితే నేరం, రంగు వేస్తే నేరం. ప్రమాదంలో పోయిన యంత్రం ‘విప్పు’ కింద లెక్క. పోకముందు అది చదివిన పేర్ల మాట ఎక్కడా లేదు. నియమాలు రాసినవాళ్లకు యంత్రాలు కూడా పోతాయన్న ఊహ తట్టలేదు.

ఆవిడ వెళ్లాక బీరువా దగ్గర కూర్చున్నాను. నలభై ఏళ్లలో నేను బాగు చేసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కన్ను తెరిస్తే చాలు, అడిగింది చదివింది. పేచీ పెట్టలేదు.

14వ రోజు

ఈరోజు యంత్రం చెయ్యి జారి కింద పడింది.

నేను తుడుస్తుండగా గుడ్డ తడిగా ఉండడం వల్ల జారింది. ఆ సమయంలో లంకపేటవాళ్లు పదకొండుమంది, అప్పన్న అనుకోకుండా అటుగా వెళ్తున్నారు. వాళ్లు పట్టుకోబోయారు, కుదరలేదు. చాలా విచారకరం.

పై అయిదింటిలో చివరి వాక్యం నిజం.

15వ రోజు

అన్వేష్ గారు విచారణకు వచ్చారు. పడ్డ బీరువా చుట్టూ రెండుసార్లు తిరిగారు. అద్దం తలుపు పగిలింది. వెనక తలుపు సీలు ఊడింది. మోటారు మాత్రం ఒక్క గీత లేకుండా బల్ల మీద ఉంది, గోనెపట్టా పరిచి దాని మీద. పక్కనే సాసర్‌లో నాలుగు బోల్టులు.

“ఎలా పడింది తాతబ్బాయి గారూ?”

“చెయ్యి జారిందండి.”

“బీరువా?”

“ఆయ్.”

“బోల్టులు కూడా జారి సాసర్‌లో పడ్డాయా?”

“ఆయ్.”

ఆయన నా మొహంలోకి చూశారు. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. అయితే నిజం చెప్పినప్పుడూ నా మొహం నేలవైపే ఉంటుంది కాబట్టి తేడా తెలిసే వీల్లేదు. ఆయన చొక్కా కాలరు నల్లగా ఉంది. స్నానం చేసి పన్నెండు రోజులైనట్టుంది. ఆయన ఇల్లు కొండ పైవరసలో. అక్కడికి మెట్లు ఇంకా తొంభై.

“ప్రమాదం,” అని రాసుకున్నారు. కలం జేబులో పెట్టుకుని అడిగారు. “మోటారు బిగించడానికి ఎంతసేపు పడుతుంది?”

“రేపటికల్లా తిప్పేత్తానండీ!” అన్నాడు అప్పన్న గుమ్మం అవతలినుంచి. నా కేసి తిరిగి, “మావా, ఆ సాసరిలా ఇయ్యి,” అన్నాడు.

అజాగ్రత్తకు శిక్షగా నన్ను షెడ్డు నుంచి తీసేసి, ఎవరూ అడగని సంగతులను జ్ఞప్తిలోంచి తుడిచే మరపు శాఖకు బదిలీ చేశారు. మాట్లాడనివాళ్లు అక్కడ బాగా పనికొస్తారట.

16వ రోజు

ఈ పుస్తకం పొద్దున్నే అప్పగించేయాల్సింది. కానీ రాయాల్సింది ఒకటి మిగిలింది.

పంపు తిరిగింది. తాత్కాలిక కార్డులు రద్దయ్యాయి. కుళాయి దగ్గర కొత్త కార్డుల వరస లంకపేట దాకా సాగింది. మొదట నాంచారమ్మ గారిని నిలబెట్టారు. ఆవిడ కడవ కింద పెట్టి, కార్డు ఆనించి, ఊపిరి బిగబట్టారు. నలభై ఇళ్లూ బిగబట్టాయి.

కుళాయి గొంతు సవరించుకుంది.

“సాకా నాంచారమ్మ. వయసు పంతొమ్మిది. ముప్పై లీటర్లు.”

యాభై ఏళ్ల కిందట టేపు రాసిననాటి వయసు. జ్ఞప్తి యంత్రం ఉన్నదున్నట్టు ఎక్కించుకుంది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వరసంతా ఘొల్లుమంది.

“పంతొమ్మిదా! సంబంధం చూడమంటావా పిన్నీ?” అన్నాడు అప్పన్న.

వెనకే ఉన్న ఆవిడ కొడుకు యాభై ఏళ్లవాడు. “నేను నీకంటే పెద్దోణ్ణి అయిపోయానేంటే అమ్మా,” అని తల గోక్కున్నాడు.

అన్వేష్ గారు కంగారుగా కాగితం తీశారు. ఆయన తల తడిగా ఉంది, సబ్బు వాసన వస్తోంది. “పొరపాటమ్మా. సవరణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వృద్ధులకైతే ఇరవై లీటర్లే వస్తాయి గానీ…”

“ఏం అక్కర్లేదు బాబూ,” అన్నారు నాంచారమ్మ గారు, నీటిధార మీంచి కళ్లు తిప్పకుండా. “పదేళ్లుగా నేనసలు పుట్టనే లేదన్నారు. ఇప్పటికి పంతొమ్మిదేళ్లిచ్చారు. ఉండనీండి. మెల్లిగా పెరుగుతాను.”

కడవ నిండింది. నేను వరస దాటి వెళ్లి చెయ్యి సాయం ఇవ్వబోయాను. అందరూ చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి.

“వయసులో ఉన్నదాన్ని, నాకెందుకు సాయం?” అని ఆవిడే కడవ చంకనెత్తుకుని నడిచారు.

నాలుగడుగులు వేసి ఆగారు. వెనక్కి తిరక్కుండా అన్నారు.

“సరే, పట్టు.”